బజారు, కొసరు, ఐదవ పిచ్చుక

మన తెలుగు భాష బజారును బొత్తిగా గౌరవించలేదు. ఒకరిని తిట్టాలంటే ‘బజారు మనిషి’ అంటాం. పరువు పోతే ‘బజారున పడ్డాడు’ అంటాం. ఇంటి గుట్టు బయటపడితే ‘బజారుకెక్కింది’ అంటాం. కొడుకు సాయంత్రం కాసేపు కనపడకపోతే ‘బజార్లు పట్టుకు తిరుగుతున్నాడు’ అని తల్లి విసుక్కుంటుంది. భక్తిగల మన కతోలిక కుటుంబాలలో ఈ అనుమానం మరికాస్త ఎక్కువ. గుడి, ఇల్లు, పొలం, ఈ మూడూ దేవుడిచ్చినవనీ, బజారు మాత్రం మధ్యలో ఎవరో తెచ్చిపెట్టిందనీ మన మనస్సులో ఒక మూల ఉండిపోయింది. అయినా బజారు ముఖం చూడకుండా మనకు రోజు గడవదు. అక్కడికి పోవడంలో ఒక సంతోషం కూడా ఉంది. ఆ సంతోషం మంచిదేనా? దానికి మనం ఎవరికైనా బాకీ పడి ఉన్నామా?

రెంటచింతల సంగతే తీసుకుందాం. వేసవి వస్తే ఈ ఊరి పేరు రాష్ట్రమంతా వినిపిస్తుంది. అత్యధిక ఉష్ణోగ్రత రెంటచింతలలో నమోదైందని రేడియో వార్తల్లో వింటూ పెరిగిన తరాలున్నాయి. ఆ ఎండ వల్ల ఇక్కడి బజారు గడియారమే వేరు. మే నెల మధ్యాహ్నం షట్టర్లు సగం దించి ఉంటాయి. కొట్టు యజమాని లోపల బస్తాల మధ్య నడుం వాలుస్తాడు. వీధిలో కుక్క కూడా తిరగదు. పొద్దు వాలి, గోడల వేడి ఇంకా తగ్గకముందే జనం ఇళ్లల్లో కూర్చోలేక బయటికి వస్తారు. టీ కొట్టు పొయ్యి మీద పాలు పొంగుతాయి. బజ్జీల బండి దగ్గర మూకుడు చుట్టూ పిల్లలు చేరతారు. మల్లెపూల గంప దగ్గర మూర పొడుగు గురించి రోజూ జరిగే తగాదా మళ్లీ జరుగుతుంది. మాచర్ల బస్సు వచ్చి ఆగితే ఎవరు దిగారో, ఎవరింటికి చుట్టాలొచ్చారో వీధి మొత్తానికి తెలిసిపోతుంది. కొత్త మిరపకాయ చేతికొచ్చిన రోజుల్లో కారం పట్టే మర ముందు నుంచి తుమ్మకుండా దాటినవాడిని నేను చూడలేదు. ఆదివారం కానుకమాత గుడిలో పూజ ముగిశాక అదే జనం, అదే ఉతికిన బట్టలతో, మాంసం కొట్టు దగ్గరా కూరగాయల దగ్గరా మళ్లీ కలుసుకుంటారు. సగం ఊరి సంబంధాలు అక్కడే మాట్లాడుకుంటారు.

ఈ బజారు నిన్న మొన్నటిది కాదు. మన పల్నాటి గడ్డ మీదే, నేడు సాగర్ జలాల కింద ఉన్న నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల కాలపు శాసనాలు దొరికాయి. వాటిలో ఒకటి తమలపాకుల వర్తకుల శ్రేణినీ, పిండివంటలు చేసేవారి శ్రేణినీ పేర్కొంటుంది. శ్రేణి అంటే ఒకే వృత్తివారి సంఘం. దేవాలయ పోషణకు ఇచ్చిన ధర్మనిధిని చెడిపోకుండా కాపాడమని అటువంటి శ్రేణుల చేతిలో పెట్టారు. సుమారు 1700 ఏళ్ల క్రితం ఈ ప్రాంతంలో ఆకులమ్మేవాడూ అరిసెలమ్మేవాడూ అంత నమ్మకస్తులుగా ఎంచబడ్డారన్నమాట. మరి నేడు బడ్డీకొట్టు వాడిని విచారణ సంఘంలోకి తీసుకోవడానికి మనం వెనకాడతాం!

ప్రభువు దేవాలయంలో నుంచి వ్యాపారులను వెళ్లగొట్టలేదా అని కొందరు అడుగుతారు. వెళ్లగొట్టాడు, నిజమే. దేవాలయంలో నుంచి వెళ్లగొట్టాడు, బజారులో నుంచి కాదు. ఆయన స్వయంగా నజరేతులో వడ్రంగి అని మార్కు సువిశేషం ఆరవ అధ్యాయం చెబుతుంది. పల్లెటూరి వడ్రంగికి వాడుకదారులంటే ఇరుగుపొరుగువారే. బేరమాడేవాడు, రేపిస్తానని మొహం చాటేసేవాడు, చేసిన పనికి మించి మెచ్చుకునేవాడు, వీళ్లెవరూ తెలియకుండా ఆ వృత్తిలో ఏళ్లు గడవవు. ఆయన ఉపమానాలు చూడండి. సంత వీధిలో కూర్చుని పెళ్లి ఆట, చావు ఆట ఆడుకుంటూ ‘మీరు మాతో కలవడం లేదు’ అని పోట్లాడుకునే పిల్లలు ఆయన కంటబడ్డారు. కూలి దొరక్క సాయంత్రం దాకా అంగడి వీధిలో నిలబడినవారు కంటబడ్డారు. బజారులో ఆగి, నిలబడి, చూసినవాడికే ఇవి తెలుస్తాయి. ఆయనను తిండిపోతనీ తాగుబోతనీ ఆడిపోసుకున్నారంటే, నలుగురితో కలిసి భోంచేయడానికి ఆయన వెనుదీయలేదనే గదా అర్థం.

వీటన్నిటిలోకీ నాకు ఇష్టమైనది పిచ్చుకల ధర. మత్తయి సువిశేషం పదవ అధ్యాయంలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు. లూకా సువిశేషం పన్నెండవ అధ్యాయంలో రెండు కాసులకు ఐదు. లెక్క ప్రకారం నాలుగు రావాలి. ఐదవది ఎక్కడిది? మన ఊళ్లో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది, అది కొసరు. పేదవాడు కొనుక్కునే మాంసం అది. దాని మీద కూడా అమ్మేవాడు ఒకటి ఎక్కువ వేశాడు. వెల కట్టని ఆ ఐదవ పిచ్చుకను కూడా తండ్రి మరచిపోడని ప్రభువు చెప్పాడు. ఆయన ఈ ధరవరలు తెలిసిన మనిషి. కొసరు ఎలా పడుతుందో చూసిన మనిషి.

కొసరు అనే మాట మన బజారుకు ప్రాణం. కూరగాయలు తూచాక పైన వేసే కరివేపాకు రెబ్బ, పిల్లవాడి చేతిలో పెట్టే బెల్లం ముక్క, మూర కొలిచాక వదిలే రెండు వేళ్ల పూలు. దీనిని తగ్గింపు ధరతో పోల్చకూడదు. తగ్గింపు అందరికీ అచ్చువేసి అంటించేది. కొసరు నీ ముఖం చూసి వేసేది. అది అడిగితే రావచ్చు, కాని హక్కుగా రాదు. పట్టణంలో పెద్ద దుకాణాలు కరివేపాకును కూడా కవరులో చుట్టి ధర అంటించాయి. అందులో తప్పేమీ లేదు. కాని అక్కడ కొసరు పెట్టడానికి ఎవరికీ చేతులు లేవు. బిల్లు కొట్టే పిల్లకు ఒక్క రెబ్బ ఎక్కువ ఇచ్చే అధికారం లేదు. జగద్గురువులు పదహారవ బెనెడిక్టు పోపుగారు 2009లో వెలువరించిన ‘కారితాస్ ఇన్ వెరితాతే’ విశ్వలేఖలో, ఉచితంగా ఇచ్చే గుణానికి మామూలు ఆర్థిక వ్యవహారాల లోపలే చోటుండాలని వాదించారు. వేదాంత పండితులు దీనిపై చాలా వ్యాఖ్యలు రాశారు. మన కూరగాయలమ్మికి ఆ వ్యాఖ్యల అవసరం లేకపోయింది.

ఇక బజారులో కాసేపు ఊరికే కూర్చోవడం కాలహరణమా? పదమూడవ శతాబ్దపు పునీత తోమాసు అక్వినాసు ఈ ప్రశ్నను తీరిగ్గా పరిశీలించాడు. దేహానికి విశ్రాంతి ఎంత అవసరమో మనస్సుకు వినోదం అంత అవసరమని తేల్చాడు. పునీత యోహాను గురించి ఒక పాత కథ కూడా చెప్పాడు. ఆయన శిష్యులతో కలిసి సరదాగా గడుపుతున్నాడని ఒకరు ఆక్షేపిస్తే, ‘నీ విల్లును ఎప్పుడూ లాగే ఉంచగలవా, విరగదా’ అన్న అర్థంలో జవాబిచ్చాడట. అంతటితో ఆగక, తాను నవ్వకుండా, ఎదుటివారి నవ్వును కూడా చెడగొట్టేవాడిలో దోషముందన్నాడు అక్వినాసు. మన విచారణల్లో కొందరు పెద్దలు ఈ మాట వినాలి.

కాబట్టి సంతోషం మంచిదే. ఇక బాకీ సంగతి.

ఆ బజారు దానంతట అది నిలబడి లేదు. టీ కొట్టు పొయ్యి తెల్లవారుజామున నాలుగింటికి ఎవరో వెలిగిస్తేనే మనకు పూజకు ముందు టీ దొరుకుతుంది. మనం అనుభవించే సందడి అంతా మరొకరి నడుం నొప్పి. మరి మనం ఏం చేస్తున్నాం? చేతిలో రొక్కం ఉన్నప్పుడు మాచర్లకో గుంటూరుకో పోతాం, లేదా ఫోనులో నొక్కి తెప్పించుకుంటాం. చెయ్యి ఖాళీ అయినప్పుడు ఊళ్లో కొట్టు గుర్తొస్తుంది. ‘రాసుకో, కాయలమ్మాక ఇస్తాం’ అంటాం. రొక్కం పట్నానికి, అప్పు ఊరికి. దీనిని మనం పాపంగా ఎన్నడూ లెక్కించలేదు. తెలివిగా లెక్కించాం.

కొట్టువాడి వైపు నుంచి ఒక్కసారి చూడండి. నలభై ఇళ్లవాళ్లు తలా 2,500 రూపాయలు బాకీ ఉన్నారనుకుందాం. అది లక్ష రూపాయలు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి సరుకు నింపితే ఆ లక్షకు నెలకు 2,000 వడ్డీ. మిరప నారు పోసినప్పటి నుంచి కల్లాల దాకా మనం ఆగమంటే అతడు ఆగాలి. టోకు వర్తకుడు మాత్రం అతడి కోసం ఆగడు. కందిపప్పు మీద అతడు వేసుకున్న రెండు రూపాయలు మనకు దోపిడీగా కనిపిస్తాయి. మన ఖాతా మీద అతడు కడుతున్న వడ్డీ మనకు కనిపించదు.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైనప్పటి రోజులు ఇంకా ఎవరమూ మరచిపోలేదు. బస్సులు లేవు, పట్నం లేదు, గుడి తలుపులు కూడా మూశారు. రోజులో కొద్ది గంటలు మాత్రమే తెరిచిన పల్లె కొట్లు, ముఖానికి గుడ్డ కట్టుకున్న మనుషులకు, ఎప్పుడిస్తావని అడగకుండా బియ్యం, నూనె కొలిచాయి. ఎన్నో ఇళ్లల్లో పొయ్యి వెలిగింది ఆ ఖాతా పుస్తకం మీదనే. ఆ పేజీలు అందరూ కొట్టేయించుకున్నారా?

అక్వినాసు వ్యాపార న్యాయం గురించి రాస్తూ రెండు వైపులా వేలు చూపాడు. విలువకు మించి అమ్మడం ఎంత అన్యాయమో, విలువకు తక్కువకు కొనడమూ అంతే అన్యాయమన్నాడు. ఆపైన ఒక చిన్న మాట చేర్చాడు. అమ్మినవాడి వల్ల నీకు పెద్ద మేలు జరిగితే, అతడు దాన్ని అడ్డం పెట్టుకుని ధర పెంచకూడదు. కాని నీ అంతట నువ్వు కొంత ఎక్కువ ఇస్తే అది నీ పెద్దరికం. అంటే కొసరు కొనేవాడి వైపు నుంచి కూడా ఉంటుంది! మనం దానిని ఎన్నడూ ఆలోచించలేదు. గంప దించిన ముసలమ్మ దగ్గర రెండు రూపాయలు గీచి బేరమాడటం మనకు విద్య. అడగకముందే ఖాతా కట్టడం, చిల్లర వదిలేయడం, ఎండలో నిలబడినవాడికి మంచినీళ్లివ్వడం, ఇవే కొనేవాడి కొసరు.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని తేలికగా కొట్టిపారేయను. రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబం పది రూపాయలు తక్కువకు దొరికే చోటికి పోతే తప్పుపట్టే అధికారం నాకు లేదు, మీకూ లేదు. ఊరి కొట్టు పోషణ భారం పేదవాడి సంచి మీద వేయకూడదు. నేను మాట్లాడుతున్నది రెండు చోట్లా కొనగలిగినవారి గురించి. అలాగే ఊరి వ్యాపారమంతా పునీతమైనదని కూడా ఎవరూ భ్రమపడవద్దు. కొనడానికీ అమ్మడానికీ మధ్య పాపం దూరుతుందనీ, రాళ్ల సందున మేకు ఇరుక్కున్నంత గట్టిగా అక్కడ నిలుస్తుందనీ సీరా పుత్రుడి జ్ఞానగ్రంథం ఇరవై ఏడవ అధ్యాయం హెచ్చరిస్తుంది. తూకపురాయి తేలికైతే కొసరు వేసినా మోసమే. పురుగుమందు అరువిచ్చి, అరువిచ్చాను కాబట్టి మందూ నా దగ్గరే, విత్తనమూ నా దగ్గరే, పంట కూడా నాకే అని రైతు మెడకు తాడు వేసేవాడు ఊరివాడే అయినా, మన పక్క ఇంటివాడే అయినా, పూజలో మన పక్క బెంచీవాడే అయినా, అతడి కొట్టును నిలబెట్టడం మన ధర్మం కాదు. కొనడమన్నది కేవలం డబ్బు వ్యవహారం కాదు, నైతికమైన చర్య అని పైన చెప్పిన విశ్వలేఖ అన్నది. ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో ‘లౌదాతో సీ’లో ఆ మాటనే మళ్లీ గుర్తుచేశారు. నైతికమైన చర్య అన్నాక కళ్లు తెరిచి చేయాలి. ఎక్కడ కొంటున్నామన్నది ఎంతో, ఎవరి దగ్గర ఏ పద్ధతిలో కొంటున్నామన్నదీ అంతే.

ఇంతకంటే కఠినమైన ప్రశ్న ఒకటి మిగిలింది. ఈ సంతోషం ఎవరెవరిది? మన రాజ్యాంగం 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది. దాని పదిహేనవ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు అని ప్రత్యేకంగా పేర్కొని, కులం పేరుతోనో మతం పేరుతోనో ఎవరినీ వాటిలోకి రానీయకుండా ఆపకూడదని రాసుకున్నారు. ఒక దేశం తన మూలచట్టంలో టీ కొట్టు సంగతి రాసుకోవలసి వచ్చిందంటే, ఆ బల్ల మీద ఎంత అవమానం జరిగి ఉండాలి! రెండు గ్లాసుల పద్ధతి చూసిన పెద్దలు మన తెలుగు పల్లెల్లో ఇంకా బతికే ఉన్నారు. పొద్దున ఒకే పీఠం ముందు మోకరించి ఒకే దివ్యసత్ప్రసాదం నాలుక మీద స్వీకరించి, గంట తరువాత టీ కొట్టు దగ్గర ఒకరు బల్ల మీద, ఒకరు గోడ వార నిలబడటం మన కతోలికులకు వింతగా అనిపించకపోవడమే వింత. ఇప్పుడు గ్లాసు మారింది. చాలాచోట్ల కాగితం కప్పు వచ్చింది, అందరికీ ఒకటే. ఎవరు కూర్చుంటారు, ఎవరు నిలబడతారు అన్నది మాత్రం ఆదివారం పూజయ్యాక మీరే ఒకసారి గమనించండి.

అదే బల్ల మీద ఒక స్త్రీ కూర్చుని, ఎవరితోనో నవ్వుతూ టీ తాగడం మన పల్లెల్లో ఎంత అరుదు! మగవాడికి బజారు కాలక్షేపం. ఆడదానికి పని. సంచి చేతిలో లేకుండా ఆమె ఆ వీధిలో నిలబడితే ‘ఏం కావాలమ్మా’ అంటారు. మిరప కోతకు పోయి సాయంత్రం ఆటోలో వచ్చిన కూలి తల్లి, చేతుల మంట తగ్గకముందే ఉప్పూ పప్పూ కొని ఇంటికి పరుగెడుతుంది. పైన నేను వర్ణించిన సాయంత్రం ఆమెకు అందదు. కొట్టులో సరుకు కట్టే కుర్రవాడికీ అంతే. మనకు అది పండుగ సందడి, అతడికి పన్నెండో గంట డ్యూటీ. రెండవ జాన్ పాల్ పోపుగారు 1998లో ప్రభు దినం గురించి ‘దియెస్ దోమినీ’ రాసి, ఆదివారపు విశ్రాంతి మనిషి హక్కు అని నొక్కి చెప్పారు. ఆ కుర్రవాడి ఆదివారం ఎక్కడ? మనం శనివారం రాత్రే కొనుక్కోగలిగినవి కూడా ఆదివారం మధ్యాహ్నం గుర్తు తెచ్చుకుంటుంటే అతడికి అది దొరికేదెలా?

చివరగా దర్జీ సంగతి. రెడీమేడ్ బట్టలు ఇంతగా వచ్చినా, మన కుటుంబాలలో క్రిస్మసుకు కొలతలిచ్చి కుట్టించుకునే అలవాటు పూర్తిగా పోలేదు. డిసెంబరు మొదటి వారం దాటాక దర్జీ కొత్త గుడ్డ పట్టుకోడు. పట్టుకోనంటూనే మనం బతిమాలితే పట్టుకుంటాడు. వీధి మొత్తం నిద్రపోయినా ఆ ఒక్క కొట్టులో దీపం వెలుగుతూ ఉంటుంది. మనం 24 సాయంత్రం పోయి, మడత విప్పి, కుట్టు చూసి, మెడ దగ్గర ఏదో వంక పెట్టి, ‘పండుగ వెళ్లాక ఇస్తాంలే’ అని సంచీలో వేసుకుని వస్తాం. కూలివాడి కూలి పొద్దుకుంకకముందే ఇమ్మని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞాపిస్తుంది, ఇరవై నాలుగవ అధ్యాయం. పండుగ వెళ్లాక అన్నది ఏ పొద్దో దానిలో లేదు. అతడి పిల్లల చొక్కాలు ఎప్పుడూ ఆఖరునే మిషను ఎక్కుతాయి. అర్ధరాత్రి పూజకు మొదటి గంట కొట్టేసరికి మనం కొత్త బట్టల్లో గుడి మెట్లెక్కుతుంటాం. అతడు ఇంకా ఎవరి చొక్కాకో కాజాలు కుడుతూ ఉంటాడు.